శాలువా చాలదా, ఫైలు కూడా కావాలా?

టీనగర్‌లో జరగబోయే ఒక సన్మాన సభకు ఆహ్వానపత్రిక అందింది. పాతికేళ్లుగా అనాథ శిశువులను విదేశీ దంపతుల ఒడికి చేర్చిన ఒక దాతగారిని చెన్నై తెలుగువారి పక్షాన సత్కరిస్తారట. ఆయన చలవతో పసితనంలోనే యూరపు చేరి, అక్కడే పెరిగి పెద్దదైన ఒక యువతి ప్రత్యేకంగా విచ్చేసి కృతజ్ఞతలు తెలుపుతుందని అట్ట చివర బంగారు అక్షరాలతో అచ్చు వేశారు. తెలిపే ఉద్దేశం ఉందా అని ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారో లేదో పత్రికలో లేదు.

ఇలాంటి సభల తీరు తెలిసినవాణ్ణి కనుక కార్యక్రమం ఎలా సాగుతుందో ముందే మనవి చేయగలను. ప్రార్థనాగీతం, జ్యోతి ప్రజ్వలన, ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు వక్తలు. ఆ తర్వాత అమ్మాయి మైకు ముందుకు వచ్చి, తనను కన్నది ఎవరు, తనను వదులుకుంటున్నట్టు సంతకం పెట్టింది ఎవరు, ఆ ఫైలు ఎక్కడుంది అని అడుగుతుంది. అధ్యక్షులవారు ఏమాత్రం తొణకక, ఏడు సముద్రాల అవతల పెరిగినా పుట్టిన గడ్డ మీద ఇంత మమకారమా అని మురిసిపోయి, ఆమెకు ఒక శాలువా కప్పుతారు. ఆమె మళ్లీ ఫైలు అంటుంది. మహిళా విభాగం వారు ఇంకో శాలువా కప్పుతారు. మూడోసారి అడిగితే జ్ఞాపిక ఇస్తారు, నాలుగోసారికి ఫొటోగ్రాఫరు అందరినీ ఒక్కసారి నవ్వమంటాడు. ఆమె ఇంకా అడుగుతూనే ఉంటుంది గానీ, అప్పటికి వందన సమర్పణ మొదలై, వెనక వరుసలు భోజనాల గదివైపు కదిలిపోయి ఉంటాయి. కిందికి దిగాక ఒక పెద్దావిడ ఆమె గడ్డం పుణికి, "ఎంత అదృష్టవంతురాలివి తల్లీ, ఇక్కడే ఉంటే ఏమైపోయేదానివో!" అంటుంది.

ఇక్కడే ఉంటే ఏమయ్యేదో చెప్పమంటారా? అమ్మ దగ్గర ఉండేది. 1990ల చివరి సంవత్సరాల్లో పుళియాంతోపు వంటి బీదల పేటల నుంచి పసివాళ్లను ఎత్తుకుపోయి, కొత్త పేర్లు తగిలించి, దొంగ కాగితాలు పుట్టించి నెదర్లాండ్స్‌కూ ఆస్ట్రేలియాకూ దత్తు పంపిన సంగతిని 2005లో ఈ చెన్నై పోలీసులే బయటపెట్టారు. మన తెలుగు నేల కూడా తక్కువ తినలేదు. 1999లోనూ 2001లోనూ హైదరాబాదు శిశుగృహాల గుట్టు రట్టయినప్పుడు, లంబాడా తండాల్లో ఆడపిల్లలను కోడిపిల్లల్లా బేరమాడి తెచ్చిన వైనం వెలుగు చూసింది. తిండికి లేని తల్లి చేత వేలిముద్ర వేయించుకుని దానికి సమ్మతి అని పేరు పెట్టినవాడు దాత ఎలా అవుతాడు? ఆ తల్లికి కావలసింది నాలుగు నెలల బియ్యం, ఒక మందుల చీటీ. ఆ సాయం చేయడానికి రూపాయి రాలని చేతులకు బిడ్డను విమానం ఎక్కించడానికి మాత్రం డాలర్లు అందాయి. దీన్ని సేవ అనడానికి సిగ్గుండాలి.

చట్టం లేదా అంటే, పుష్కలంగా ఉంది. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన లేఖనే పిటిషనుగా స్వీకరించి, విదేశీ దత్తతకు సుప్రీంకోర్టు 1984లోనే కట్టుదిట్టమైన పద్ధతి విధించింది. బిడ్డకు ముందు స్వదేశంలోనే ఇల్లు వెతకాలని చెప్పింది. విదేశీ దత్తతల్లో పిల్లల అమ్మకాలను అరికట్టడానికి దేశాలు కుదుర్చుకున్న హేగ్ ఒప్పందాన్ని మనదేశం 2003లో ధ్రువీకరించింది. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం రెండు నెలల గడువిచ్చింది. అవతలి పక్షమైన నెదర్లాండ్స్ పాత అక్రమాలపై విచారణ జరిపించుకుని 2021లో విదేశీ దత్తతలను తాత్కాలికంగా నిలిపివేసింది. తీసుకున్నవాడు తలదించుకున్నాడు, పంపినవాడు శాలువాకు మెడ చాస్తున్నాడు.

జబ్బుతోనో వైకల్యంతోనో పుట్టిన బిడ్డను విదేశీయులు కాక ఎవరు తీసుకుంటారని నిర్వాహకులు నన్ను నిలదీయవచ్చు. నిజమే, రంగు, ఆరోగ్యం, వీలైతే కులం కూడా ఆరా తీసి మనవాళ్లు కాదన్న పిల్లలను ఎందరో పరాయి దేశపు దంపతులు గుండెకు హత్తుకున్నారు. దొంగ కాగితాలకు మోసపోయిన దంపతులూ వారిలో ఉన్నారు. ఆ పుణ్యం వాళ్లది. మధ్యలో ఈయనకు సన్మానం దేనికి?

కనుక నిర్వాహకులకు నాదొక చిన్న సవరణ. జ్యోతి వెలిగించే ముందు, దాతగారు పంపిన ప్రతి బిడ్డ ఫైలునూ ఆ బిడ్డే అడిగి చూసుకునేలా సిద్ధం చేయండి: తల్లి సమ్మతిపత్రం, అప్పుడు సాక్షిగా నిలిచినవారి పేరు, కోర్టు ఉత్తర్వు, ముట్టిన సొమ్ముకు రసీదు. వచ్చిన అమ్మాయి తన ఫైలు తాను చదువుకుని, ఇష్టమైతే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. అన్నీ సవ్యంగా ఉంటే శాలువా ఖర్చు నాది. ఫైళ్లు వరదలో కొట్టుకుపోయాయని దాతగారు సెలవిస్తే మాత్రం, ముఖ్య అతిథి కుర్చీలో పోలీసు కమిషనరును కూర్చోబెట్టండి.