బోల్టు బిగిస్తే భద్రత పెరగదు
రోడ్డు పక్క బోర్డు స్తంభాల బోల్టులు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదని ఒక వ్యాసంలో రాశారు. స్లిప్ బేస్ (కారు గుద్దితే స్తంభం జారి ఊడిపోయేలా చేసిన అడుగుభాగం) విషయంలో ఇది సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ పై ప్లేటు, కింది ప్లేటు ఒకదాన్నొకటి పట్టుకునేది రాపిడి వల్లే. కారు గుద్దగానే బోల్టులు ఒకవైపు తెరిచి ఉన్న గాడుల్లోంచి జారి బయటికి రావాలి. పొడవాటి పానాతో పంతానికి బిగించేస్తే ప్లేట్లు జారవు, దెబ్బంతా కారు మీదే పడుతుంది. అలాగని వదులుగా వదిలేయకూడదు, గాలికి ఊగి ఊగి బోల్టులు వాటంతట అవే జరిగిపోతాయి. అందుకే ప్లేట్ల మధ్య పల్చటి కీపర్ రేకు పెడతారు, అది బోల్టులను కదలకుండా పట్టి ఉంచి, కారు గుద్దినప్పుడు చిరిగిపోతుంది. దాని బదులు చేతికందిన మందపాటి రేకు పెడితే అది చిరగదు, మొదటికే మోసం. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి వాడి, తయారీదారు ఇచ్చిన అంకెకే బిగించాలి.

ఎక్కువమంది చూడనిది మొండెం ఎత్తు. స్తంభం ఊడిపోయాక నేలలో మిగిలే ముక్క 100 మి.మీ. దాటితే కారు అడుగుభాగానికి తగులుతుంది. బిగించిన రోజు కొలత సరిగ్గానే ఉంటుంది, రెండు వానాకాలాలు మట్టిని కోసేశాక చూడాలి అసలు సంగతి!

4×6 అంగుళాల చెక్క స్తంభమైతే, గుద్దినప్పుడు తేలిగ్గా విరిగేలా నేల నుంచి 100, 450 మి.మీ. ఎత్తుల్లో 38 మి.మీ. రంధ్రాలు, రోడ్డుకు అడ్డదిశలో తొలవాలి. దిశ మారితే స్తంభం అంత తేలిగ్గా విరగదు.