ఒకపూట సాఫ్ట్‌వేర్ శిక్షణా తరగతి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ శిక్షణా తరగతి గారికి, రికార్డుల విభాగంలోని ఒక గుమాస్తా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తాము మా కార్యాలయానికి విచ్చేసి, ప్రొజెక్టరు వెలిగించి, భోజనాల వేళకు అందరికీ సర్టిఫికెట్లు పంచి వెళ్లిన నాటి నుండి మా సిబ్బందికి ఏ బటను ఏ మూలనుందో కరతలామలకమైంది. గడిలో ఏం రాయాలన్నది మాత్రం తమ పాఠంలో లేదు కనుక, ఆ ఒక్కటీ ఎవరి ఇష్టం వారిదిగా సాగుతోంది.

ఎర్ర నక్షత్రం గురించి తమ బోధన విశేషంగా ఫలించింది. "నక్షత్రం ఉన్న గడులన్నీ నింపితేనే పేజీ ముందుకు కదులుతుంది" అన్న తమ మాటను మావాళ్లు వేదవాక్కుగా స్వీకరించి, ఫోను లేని ముసలమ్మ వస్తే తొమ్మిదిని పదిసార్లు నొక్కుతున్నారు, పుట్టిన తేదీ తెలియదంటే జనవరి 1 వేస్తున్నారు. మా జాబితా చూసినవారికి ఊళ్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారనిపిస్తుంది. తెలియదని నిజం చెబుతూ గడిని ఖాళీగా వదిలితే గదమాయించే యంత్రం, అబద్ధం రాస్తే పచ్చగా టిక్కు పెట్టి మెచ్చుకుంటుంది.

మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు చూపించిన తాము, ఇంటిపేరు ఎందులో రాయాలో ఎవరైనా అడిగేలోపే టీ విరామం ప్రకటించారు. అందువల్ల ఒకే మనిషి ఒక వరుసలో కె. వెంకటేశ్వరరావుగా, మరొకదానిలో వెంకటేశ్వర రావు కె.గా, ఇంకొకచోట చుక్కల్లేని కె వి రావుగా త్రిమూర్తులై వెలిశాడు. ఆ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసే పత్రాలతో ఆయన మా వరండాలో కూర్చుంటున్నాడు.

ఎక్సెల్ పాఠం ఇంతకంటే ఘనం. ఎక్సెల్ అనే ఆ పట్టికల సాఫ్ట్‌వేర్ 040లోని మొదటి సున్నాను మింగేస్తుందనీ, 15 అంకెలకు మించి గుర్తుంచుకోలేక 16 అంకెల సంఖ్యలో చివరిదాన్ని సున్నా చేస్తుందనీ, టైపు చేయకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోవాలనీ ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఆ సమయాన్ని తాము రంగుల చార్టుకు కేటాయించారు. మావాళ్లనే అనడం అన్యాయం లెండి. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ ఫలితాలను ఎక్స్ఎల్ఎస్ అనే పాత రకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించగా, అది 65,536 వరుసలకు మించి పట్టనందున, 15,841 కేసులు రోజువారీ లెక్కకు అందకుండా పోయాయి. అదే ఏడాది, మార్చ్1 వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మారుస్తోందని, మానవ జన్యువుల నామకరణ సంఘం ఆ పేర్లనే మార్చేసింది. ఎక్సెల్‌ను దారికి తేవడం కంటే అదే సులువని శాస్త్రవేత్తలకే తోచినప్పుడు, మా జూనియర్ అసిస్టెంట్లు ఏపాటి?

కనుక మలి విడత శిక్షణకు నకిలీ పట్టికలు మానుకొని, మా అసలు పట్టికలోనే తప్పుల వరుసలను వివరాలు బయటపడకుండా తెరమీద పెట్టి, వాటిని దిద్దే పనే పాఠంగా చెప్పించవలసిందిగా ప్రార్థన. "తెలియదు" అన్న ఎంపికను ప్రతి గడిలోనూ చేర్పించగలిగితే మరీ మేలు. తాము నేర్పుతూ నేర్పుతూ అసలు రిజిస్టరులోనే నమోదుచేసిన "టెస్ట్ టెస్ట్" అనే వ్యక్తికి ఇటీవల బకాయి నోటీసు తయారైంది. దాన్ని ఏ చిరునామాకు పంపాలో కూడా సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ సర్టిఫికెట్ పొందిన విధేయుడు