పంటు మీద హత్య: కొన్ని అభ్యంతరాలు

ఈమధ్య మా ఊరికి ఒక సినిమా బృందం వచ్చింది. డైరెక్టరు గారు, ఆయన అసిస్టెంట్లు ఇద్దరు, కెమెరా ఆయన, ఏ పనీ లేకుండా ఫోను చూసుకునే ఇంకొకాయన. ఆయనే నిర్మాత అని తర్వాత తెలిసింది. అగాథా క్రిస్టీ 1937లో రాసిన 'డెత్ ఆన్ ది నైల్' నవలని గోదావరి మీదికి తేవాలని వాళ్ళ సంకల్పం. హక్కులు కొన్నారా అని అడిగాను. "స్ఫూర్తి అండీ" అన్నారు. మన పరిశ్రమలో స్ఫూర్తికి ఇంకా రేటు కట్టలేదు కాబట్టి ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

రేవులు చూపించడానికీ, స్క్రిప్టులో గోదావరితనం సరిపోయిందో లేదో చూడటానికీ నన్ను పిలిచారు. నాకున్న అర్హత ఒక్కటే. అద్దె పుస్తకాల షాపులో దొరికిన డిటెక్టివ్ నవలలన్నీ చదివాను, వాటిలో సగం చివరి పేజీలు లేకుండానే చదివాను. స్క్రిప్టు రెండుసార్లు తిరగేసి, బాధ్యతగల డెల్టా పౌరుడిగా నా అభ్యంతరాలు రాసిచ్చాను. డైరెక్టరు గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్న తీరు చూస్తే మళ్ళీ తీస్తారన్న ఆశ లేదు. అందుకే ప్రజల ముందు పెడుతున్నాను.

కథ తెలియనివారి కోసం: డబ్బున్న ఒకమ్మాయి, తన ప్రాణస్నేహితురాలికి కాబోయే మొగుణ్ణి తాను పెళ్ళాడి ఈజిప్టుకి హనీమూన్ వెళ్తుంది. వాళ్ళెక్కడికి పోతే ఆ స్నేహితురాలు అక్కడికి తయారవుతుంది. చివరికి కర్నాక్ అనే స్టీమరు మీద ఒక రాత్రి, డబ్బున్నమ్మాయి నిద్రలోనే తుపాకీ గుండుకి చచ్చిపోతుంది. ఓడలో ఎవరిని చూసినా ఆమె మీద కోపమో, ఆమె నగల మీద కన్నో ఉన్నట్టే కనిపిస్తుంది. అదే ఓడలో హెర్క్యూల్ ప్వారో అనే డిటెక్టివు మీసం దువ్వుకుంటూ కూర్చుని ఉంటాడు. 1978లో పీటర్ ఉస్తినోవ్‌ని ప్వారోగా పెట్టి తీసిన సినిమాకి దుస్తుల విభాగంలో ఆస్కారొచ్చింది. 2022లో కెన్నెత్ బ్రానా తానే డైరెక్టరై, తానే ప్వారో అయి, మళ్ళీ తీశాడు.

మా అభ్యంతరం మొదటి సీనుతోనే మొదలవుతుంది. హనీమూన్‌లో కొత్త పెళ్ళికూతురు గదిలో ఒంటరిగా పడుకుని ఉందట. ఎక్కడ? ఏ జిల్లాలో? సంక్రాంతికి కొత్తల్లుడికి వందల రకాల వంటలు వడ్డించి పేపర్లకెక్కే ఊళ్ళు మావి. పెళ్ళయిన ఏడాదిలో ఆ జంట ఎక్కడికి కదిలినా వెనక పిన్నిగారు, పెదనాన్నగారు, కాజాల డబ్బా, ఆ డబ్బా మోయడానికి ఒక బావమరిది ఉంటారు. హంతకుడు అర్ధరాత్రి తలుపు తోస్తే ముందు పెదనాన్నగారి మంచం తగులుతుంది. "ఎవరది? భోంచేశావా?" అన్న కేకకి తుపాకీ చేతిలోంచి జారిపోతుంది.

ఇక స్టీమరు. మా దగ్గర మిగిలింది పంటు. సఖినేటిపల్లి రేవులో ఎక్కితే గోదావరి పాయ వశిష్ఠని దాటించి నరసాపురంలో దింపుతుంది. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, కాలేజీ పిల్లలు, అంతర్వేది తిరునాళ్ళకైతే మనిషి మీద మనిషి. మొదలెట్టిన కబురు సగమయ్యేలోపు అవతలి గట్టు వచ్చేస్తుంది. ఆ కాస్త టైములో హత్య జరగాలి, శవం కనపడాలి, ప్వారో మీసం దువ్వుకోవాలి, అందరినీ కూర్చోబెట్టి హంతకుణ్ణి వేలెత్తి చూపించాలి. పైగా ఈ నవలకి ప్రాణం ఏమిటంటే, ఓడలోంచి ఎవరూ బయటికి పోలేరు, కాబట్టి హంతకుడు వాళ్ళలోనే ఉన్నాడు అనే లెక్క. మా వాళ్ళు పంటు గట్టుకి తగలకుండానే దూకేస్తారు. తాడు కట్టేలోపు అనుమానితుల్లో సగంమంది బస్టాండులో ఉంటారు.

నిర్మాత గారు అప్పుడు ఫోనులోంచి తలెత్తి, "సెట్టేసేద్దాం" అన్నారు. న్యాయమే. బ్రానా కూడా ఆ ఓడని ఇంగ్లండులో సెట్టుగానే కట్టించాడు. నైలుకే దిక్కులేనప్పుడు వశిష్ఠ ఎంత.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ప్వారో పద్ధతేమిటంటే, ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి ప్రశ్నించడం. స్క్రిప్టులో ఇది పద్నాలుగు పేజీలుంది. దాన్ని మా రేవు దగ్గర టీకొట్టు ఆయన మీద ప్రయోగించి చూద్దామన్నాను. అసిస్టెంటు కుర్రాడు డిటెక్టివు వేషం కట్టాడు.

"నిన్న రాత్రి తొమ్మిదింటికి మీరెక్కడున్నారు?"

"తవరిదే ఊరండి?"

"అది కాదు, నేనడిగింది..."

"ఆయ్, చెప్తానండి. తవరెవరి తాలూకో తెలిస్తే చెప్పడానికి తేలికవుద్దండి."

పావుగంట గడిచేసరికి డిటెక్టివు గారి ఊరు, ఇంటిపేరు, అమ్మగారి పుట్టిల్లు, జీతం, జీతం సరిగ్గా ఇవ్వని సంగతి, పెళ్ళి కాకపోవడానికి కారణం, అన్నీ బల్ల మీదికొచ్చాయి. ముంగండలో ఒక సంబంధం కూడా తేలింది. డిటెక్టివు నోటుబుక్కులో మాత్రం "రాత్రి 9" అన్న ముక్క తప్ప ఏమీ లేదు. టీ డబ్బులు తీసుకోలేదు. మర్యాద కూడా సాక్ష్యాన్ని తారుమారు చేయడమేనని ఏ చట్టంలోనైనా ఉందేమో చూడాలి.

ఇలాగని మా వాళ్ళకి విషయం తెలియదనుకోకండి. హంతకుడెవరో రేవులో ప్రతివాడికీ తెలిసే ఉంటుంది. అడిగితే "మనకెందుకులెండి" అంటారు. అలా అన్నాక ముప్పావుగంట సేపు చెప్తారు. సస్పెన్సు అనే సరుకు మా డెల్టా నేలలో మొలకెత్తదు. ఇక్కడ వరి పండుతుంది, కొబ్బరి కాస్తుంది, కబురు మాత్రం సార్వాకీ దాళ్వాకీ కూడా ఆగకుండా పండుతుంది.

ఆయుధం సంగతీ అంతే. నవలలో తుపాకీని శాలువాలో చుట్టి నైలులో పడేస్తారు, తర్వాత అది దొరుకుతుంది. మా స్క్రిప్టులో కాలువలో పడేశారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పటినుంచీ మా కాలువలకి ఒక క్రమశిక్షణ ఉంది. దాళ్వా కోతలు పూర్తయ్యాక, ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఏడాదంతా అందులో పారేసిన సమస్తమూ బురదలో బోర్లా పడుకుని జనానికి దర్శనమిస్తుంది: చిల్లుబిందెలు, సైకిలు చక్రాలు, వినాయకుడి అవశేషాలు, పక్కింటివాళ్ళు పోయిందని ప్రమాణం చేసిన కత్తిపీట. డిటెక్టివు అక్కర్లేదు, ఏప్రిల్ దాకా ఓపిక పడితే చాలు. హంతకుడు చదువుకున్నవాడైతే ముందు ఇరిగేషన్ వాళ్ళ కాలువల కట్టుబడి తేదీ కనుక్కుంటాడని మార్జిన్‌లో రాశాను.

అన్నీ అభ్యంతరాలే కాదు, సాయం కూడా చేశాను. క్రిస్టీకి తట్టని ఒక ఆధారం మా దగ్గరుంది. వరదల రోజుల్లో ఎర్రనీళ్ళకి ఎదురీదుకుంటూ సముద్రంలోంచి పైకొచ్చే పులస గురించి చెప్పక్కర్లేదు. పుస్తెలమ్మయినా తినాలన్నది మావాళ్ళే. ఆ పులుసు వండిన పూట తినరు. మట్టికుండలో రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు తింటారు. కాబట్టి అనుమానితుడు "ఆ రాత్రి మేం ఇంట్లోనే ఉన్నామండి, పొయ్యి మీంచి దింపిన పులస పులుసు వేడివేడిగా తిన్నాం" అన్నాడా, వెంటనే బేడీలు వేయొచ్చు. వాడు హంతకుడు కాకపోయినా వేయొచ్చు. ప్వారో మెదడులోని బూడిదరంగు కణాలకి ఇది జన్మలో అందదు.

డిటెక్టివు ఎక్కడివాడన్నది కూడా నేనే తేల్చాను. ప్వారోని అందరూ ఫ్రెంచివాడనుకుంటారు, కాదు బెల్జియం వాణ్ణని ఆయన ఉడుక్కుంటాడు. మనకి యానాం ఉండగా బెల్జియం ఎందుకు? 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉంది. చుట్టూ ఉన్నది ఆంధ్ర, పాలించేది ఇంకెక్కడో. యానాం నుంచి వచ్చానని చెప్పగానే అవతలివాడు "సీసాలేమైనా తెచ్చారా?" అని అడుగుతాడు. మన డిటెక్టివు ఉడుక్కోవడానికి ఆ ప్రశ్న చాలు.

ఇన్ని దిద్దినా ఒక గండం మిగిలింది. నవల చదివినవాళ్ళు. హిచ్‌కాక్ 1960లో 'సైకో' విడుదల చేసినప్పుడు ఆలస్యంగా వచ్చినవాళ్ళని హాల్లోకి రానివ్వొద్దన్నాడు. మా దగ్గర ఆ నియమం పెడితే ఇంటర్వెల్‌కి సమోసాలు కొనేవాడుండడు. క్రిస్టీదే 'మౌస్‌ట్రాప్' నాటకం 1952లో లండన్‌లో మొదలైంది. హంతకుడి పేరు బయట చెప్పొద్దని ఆట అయ్యాక ప్రేక్షకులని బతిమాలతారు. ఇంగ్లీషువాళ్ళు నోరు కట్టుకున్నారు. మాకు అలాంటి సంప్రదాయం లేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలల కోసం జనం ఎగబడిన రోజుల్లోనే, అద్దె పుస్తకం మొదటి పేజీలో పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టే పుణ్యాత్ములు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. తర్వాత చదివేవాడు టెన్షన్ పడకూడదని.

అందుకే మెస్సులో భోజనాల దగ్గర డైరెక్టరు గారికి ఆఖరి సలహా ఇచ్చాను: హంతకుణ్ణే మార్చేయండి. క్రిస్టీ రాసినవాడు కాకుండా కొత్తవాడు. ఎవరైతే బావుంటుందో గొంతు తగ్గించి చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. నిర్మాత గారు ఫోను బోర్లా పెట్టారు. పనసపొట్టు కూర వడ్డిస్తున్న కుర్రాడు "ఇంకొంచెం వేయమంటారా అండి?" అంటూ మా దగ్గరే కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆ పేరు ఎక్కడా పొక్కకూడదని నలుగురం పెరుగన్నం సాక్షిగా ఒట్టేసుకున్నాం. వాడెందుకు చంపాడన్నది షూటింగు లోపు ఆలోచిద్దామనుకున్నాం.

మర్నాడు నరసాపురంలో పనుండి పంటెక్కాను. పక్కన కొబ్బరికాయల బస్తా మీద చెయ్యేసి నిలబడ్డ పెద్దాయన, నది మధ్యకి వచ్చాక నావైపు వంగాడు.

"సినిమావోళ్ళతో తిరుగుతున్నారంటగండి. పెళ్ళిలో ఫొటోలు తీసినోడే చంపేశాడంటగా?"

నేను మాట్లాడలేదు.

"పాపం, ఆడి తప్పేం ఉందిలెండి. ఆల్బమ్ ఇచ్చేశాక కూడా బాకీ డబ్బులివ్వలేదంట."

గట్టు దిగగానే డైరెక్టరు గారికి ఫోన్ చేసి, కారణం దొరికింది, రాసుకోండి అన్నాను.