కొత్త కోడలి ఫోన్ తీసేసుకోమనే సందేశానికి జవాబు

“సోషల్ మీడియా చంపేసిన బంధాలు: ప్రతి కుటుంబం చదవాల్సిన ఏడు నిజాలు” అనే సందేశం కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఇంటర్ మిత్రుల గ్రూపులో వచ్చింది, బంధువుల గ్రూపులో మా పెద్దనాన్నగారే స్వయంగా పెట్టారు. పైన “అనేకసార్లు ఫార్వర్డ్ చేయబడింది” అన్న గుర్తు, కింద చేతులు జోడించిన బొమ్మలు. కూకట్‌పల్లి నుంచి మలక్‌పేట దాకా నాకు తెలిసిన ఇళ్ళన్నింటికీ ఇది చేరినట్టుంది. చదివిన ప్రతివారూ “అక్షర సత్యం” అని రాసి ఇంకొకరికి పంపుతున్నారే గాని, అందులో ఏ మాటకు ఏ ఆధారం ఉందని అడిగినవారు ఒక్కరూ కనిపించలేదు. కాబట్టి నేను అడుగుతున్నాను. కొత్త కోడలి ఫోన్ తీసేసుకోమనే అయిదో అంశాన్ని మాత్రం చివరికి ఉంచుతాను, ఎందుకంటే మిగిలినవి తప్పులైతే అది అపాయం.

మొదటి అంశం ప్రకారం ఫోన్లు లేని రోజుల్లో ఉమ్మడి కుటుంబాలలో అందరూ ప్రేమగా ఉండేవారు. ఆస్తి పంపకాల దావాలు సివిల్ కోర్టుల్లో తరాల తరబడి నడిచింది ఫోన్లు వచ్చాక కాదు. అన్నదమ్ములకు మాటలు లేక ఇంటి నడుమ గోడ లేచిన కథ ఒక్కటైనా వినని తెలుగు కుటుంబం ఉంటే చూపించండి. దీనిమీద ఇంతకంటే చెప్పవలసింది లేదు.

రెండో అంశంలో “అమెరికాలో అతి పెద్ద డాక్టరు, మన భారతీయుడే, సోషల్ మీడియా రోజుకు 15 సిగరెట్లతో సమానమని తేల్చారు” అని ఉంది. పేరు రాయలేదు గాని ఆ డాక్టరు అప్పటి అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి. 2023 మే నెలలో ఆయన వెలువరించిన నివేదిక ఒంటరితనం గురించినది. తోటి మనుషులతో సంబంధాలు కొరవడడం వల్ల ఆయుష్షుకు కలిగే నష్టం రోజుకు 15 సిగరెట్ల దాకా కాల్చడం వల్ల కలిగే నష్టంతో పోల్చదగినదని ఆ నివేదిక చెబుతుంది. దాని వెనుక 2010లో హోల్ట్-లున్‌స్టాడ్ అనే పరిశోధకురాలి బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి వేసిన లెక్క ఉంది. సిగరెట్లతో పోల్చింది ఒంటరితనాన్ని, ఫోన్‌ను కాదు. టెక్నాలజీ మనుషులను కలపనూగలదు, విడదీయనూగలదు అని ఆ నివేదికే రెండు వైపులా చెప్పింది. న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి: అదే నెలలో ఆయన పిల్లల మీద సోషల్ మీడియా ప్రభావం గురించి వేరే హెచ్చరిక విడుదల చేశారు, 2024 జూన్‌లో ఆ యాప్‌ల మీద హెచ్చరిక లేబుల్ ఉండాలని కూడా కోరారు. ఆ ఆందోళన నిజమైనదే. అయితే బ్రిటన్, అమెరికాలలోని లక్షలాది కౌమార వయస్కుల వివరాలను 2019లో పరిశీలించిన ఓర్బెన్, ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులకు, ఆ పిల్లల మనఃస్థితిలోని తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడినది ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమేనని తేలింది. పరిశోధకులే ఇంకా వాదించుకుంటున్న విషయాన్ని సిగరెట్ పెట్టె మీద బొమ్మలా అచ్చు వేసి పంపడం తగదు.

మూడో అంశం అందరికీ బాగా నచ్చింది. “ఫేస్‌బుక్‌లో అయిదు వేల మంది స్నేహితులు, పోతే పాడె మోయడానికి నలుగురు లేరు.” ఇంచుమించు ఇదే ప్రశ్న పట్టుకుని లెక్క తీసిన శాస్త్రవేత్త ఒకరు ఉన్నారు. మనిషి నికరంగా నిలుపుకోగలిగే పరిచయాలు సుమారు 150 దగ్గర ఆగిపోతాయని 1990లలో ప్రతిపాదించిన ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబిన్ డన్‌బార్, బ్రిటన్‌లో మూడు వేల మందికి పైగా ఇచ్చిన సర్వే సమాధానాలను పరిశీలించి 2016లో ప్రచురించారు. వారి ఫేస్‌బుక్ స్నేహితుల సంఖ్య సగటున నూట యాభైకి, రెండు వందలకు నడుమే ఉంది. మనసు విరిగిపోయే కష్టం వస్తే ఎవరిని నమ్ముకుంటారని అడిగితే సగటున నలుగురిని చెప్పారు. ఫేస్‌బుక్‌తో నిమిత్తం లేకుండా వేసిన పాత లెక్కల్లోనూ ఆ లోపలి వలయం అయిదుగురికి అటూ ఇటూగానే ఉంది. అంటే సోషల్ మీడియా ఆ నలుగురినీ నలభై మంది చేయలేదు, ఉన్నవారిని ఊడబెరకనూ లేదు.

ఇక మిగిలిన నూట యాభై మంది ఎందుకని అడగవచ్చు. ఉద్యోగం సంగతి మనకు తెలిసేది ప్రాణ స్నేహితుల ద్వారా కంటే ముఖ పరిచయస్థుల ద్వారానే ఎక్కువని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే రాశారు. 2022లో లింక్డిన్ వాడే రెండు కోట్ల మంది వివరాలతో చేసిన పరిశోధన కూడా, మరీ దగ్గరివారి కంటే కాస్త దూరపు పరిచయాలే కొత్త ఉద్యోగానికి ఎక్కువగా దారి చూపుతున్నాయని చూపించింది. అమీర్‌పేటలో కోర్సు చేసి, ఎప్పుడో కలిసి చదివినవాడు పెట్టిన రిఫరల్‌తో గచ్చిబౌలిలో ఉద్యోగం తెచ్చుకున్నవారికి ఈ పరిశోధనలు చదవాల్సిన పని లేదు.

పాడె మాట ఎత్తారు కనుక 2021 ఏప్రిల్, మే నెలలను గుర్తు చేయక తప్పదు. గాంధీ ఆసుపత్రిలో పడక దొరుకుతుందా, గచ్చిబౌలి టిమ్స్‌లో దొరుకుతుందా, ఆక్సిజన్ సిలిండర్ నింపే చోటు ఎక్కడ తెరిచి ఉంది, ఫలానా గ్రూపు ప్లాస్మా ఎవరిస్తారు అనే కబుర్లు రాత్రింబవళ్ళు తిరిగింది ట్విట్టర్‌లోనూ వాట్సాప్‌లోనూ. రక్తసంబంధీకులు భయపడి శవం దగ్గరకు రాని ఇళ్ళకు, పోయినవారి కులమూ మతమూ అడగకుండా పీపీఈ సూట్లు వేసుకుని వచ్చి మోసుకెళ్ళిన కుర్రవాళ్ళకు కబురు అందింది ఫోన్ల మీదనే. ఆ రెండు నెలలు ఈ నగరంలో గడిపినవారు ఈ వాక్యాన్ని ఎలా ఫార్వర్డ్ చేయగలుగుతున్నారో నాకు అర్థం కాదు.

ఎమోజీల వల్ల భావాలు చెప్పుకోవడం మరిచిపోయామన్నది నాలుగోది. “ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను” అని ఒకే మూసలో రాసుకున్న ఇన్‌లాండ్ లెటర్లలో పొంగిపొర్లిన భావాలేమిటో రాసినవారే చెప్పాలి.

ఆరో అంశం, వీడియో కాల్‌లో మాట్లాడుకోవడం బంధం కాదు, నటన అంటుంది. మా కింది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ ప్రతి ఉదయం డాలస్‌లో ఉన్న మనవరాలితో మాట్లాడతారు. ఫోన్ ఎంత ఎత్తులో పట్టుకోవాలో ఆమెకు ఇప్పటికీ కుదరదు, అవతలివారికి ఆమె నుదురూ, పైన తిరిగే ఫ్యానూ మాత్రమే కనిపిస్తాయి. “అమ్మమ్మా, కిందికి, ఇంకా కిందికి” అని ఆ పిల్ల అరుస్తుంది. ఈమె ఫోన్ దించి, జాడీ మూత తీసి, ఈ ఏడు ఆవకాయలో నూనె ఎంత తేలిందో చూపిస్తారు. ఆ పిల్లకు తెలుగు వస్తున్నదంటే ఆ సంభాషణల వల్లనే. ఇందులో నటన ఎవరిది?

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవారి ఇళ్ళలో ఈ అంశం చదివి వినిపించే ధైర్యం ఎవరికైనా ఉందా? ఎదురింటివారి పి.పి. నంబరుకు ఫోన్ వచ్చిందంటే చేతిలో పని వదిలి పరుగెత్తి, వాళ్ళ హాల్లో అందరి ముందు నిలబడి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ భర్తతో రెండు మాటలు మాట్లాడి వచ్చిన ఆడవాళ్ళు ఆ ఊళ్ళలో ఉన్నారు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ కుదరకపోతే బోటిమ్ లాంటి యాప్‌లు వెతుక్కుని మరీ వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఏ మాటలు మనిషికి మేలు చేస్తాయన్నదాని మీద కూడా పరిశోధన ఉంది. మోయిరా బర్క్, రాబర్ట్ క్రాట్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, దగ్గరివారు ప్రత్యేకంగా తమకోసం రాసిన మాటలు అందుకున్నవారి మనఃస్థితి మెరుగుపడింది, అందరికీ కలిపి పెట్టిన పోస్టులు చూడడంతోనూ, లైకులు రావడంతోనూ అలాంటి మేలు కనిపించలేదు. బర్క్ అప్పట్లో ఫేస్‌బుక్‌లోనే పనిచేసిన పరిశోధకురాలు కనుక ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి. ఆ లెక్కన పొద్దున్నే వందమందికి ఒకేసారి పంపే పువ్వుల బొమ్మలు, వాటితో పాటు ఈ ఏడు నిజాలు, ఎవరికీ ఏ మేలూ చేయని రెండో కోవలోనివే.

ఏడో అంశాన్ని మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. అన్నాల దగ్గర కూడా అందరూ ఫోన్లు చూసుకుంటున్నారన్నది అది. హంట్ ఆల్కాట్, మాథ్యూ జెంట్స్‌కో మరికొందరు ఆర్థికవేత్తలు 2018 అమెరికా ఎన్నికలకు ముందు సుమారు 2,700 మందిని తీసుకుని, వారిలో కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాల పాటు ఫేస్‌బుక్ మాన్పించారు. మానినవారికి రోజుకు సగటున ఒక గంట మిగిలింది. ఆ సమయంలో కొంత టీవీకి పోయినా, కొంత ఇంటివారితో, స్నేహితులతో గడపడానికి పోయింది. వారి సంతోషం కొంచెమే పెరిగింది, కాని పెరిగింది. బడిలో జరిగిన గొడవ చెప్పబోయిన పిల్ల, రీల్స్ మీద నుంచి కన్నెత్తని తండ్రి నోట “ఊఁ” అన్న శబ్దం రెండుసార్లు విని, చెప్పడం ఆపేసి కంచం తీసుకుని లేచిపోవడం నేను చూశాను. మూడోసారి ఆ పిల్ల చెప్పదు. ఇక్కడ సందేశంతో నాకు పేచీ లేదు, అది చాలినంత గట్టిగా చెప్పలేదనే నా బాధ. ఎందుకంటే ఫోన్ పక్కన పెట్టమని అది చెప్పింది పిల్లలకూ కోడళ్ళకూ, ఇంటి యజమానికి కాదు.

చివర్లో “పది గ్రూపులకు పంపండి” అని ఉంది. ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ 2018 జూలైలో మన దేశంలో కట్టడి తెచ్చింది. ఎందుకు తెచ్చిందో హైదరాబాదువారు మరిచిపోకూడదు. ఆ ఏడు మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకారు నమ్మి, చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. అదే కాలంలో గద్వాల, వనపర్తి ప్రాంతాల్లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి అలాంటి పుకార్లకు అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. పంపినవారు మరిచిపోయిన మాటను నమ్మినవారు ఆచరణలో పెడతారు.

అయిదో అంశం కూడా ఆచరణలోకి వచ్చేసింది. అది ఉన్నది ఉన్నట్టుగా ఇది: “విడాకుల్లో మూడో వంతు ఫేస్‌బుక్, వాట్సాప్ వల్లే. ఆడపిల్ల తల్లి రోజూ ఫోన్ చేసి కూతురి కాపురంలో వేలు పెడుతోంది. పెళ్ళయిన మొదటి ఏడాది కోడలి దగ్గర ఫోన్ ఉంచకండి.” దాని కింద మా గ్రూపులోని ఒక పెద్దమనిషి “మేము మొన్ననే మొదలుపెట్టాం, ఇల్లు ప్రశాంతంగా ఉంది” అని రాశారు. దానికి పన్నెండు మంది దండాలు పెట్టారు.

ముందు ఆ మూడో వంతు సంగతి. ఆన్‌లైన్‌లో విడాకుల పత్రాలు తయారుచేసి ఇచ్చే ఒక బ్రిటిష్ సంస్థ, తన దగ్గరకు వచ్చిన పత్రాల్లో “ఫేస్‌బుక్” అన్న మాట ఎన్నింటిలో ఉందో వెదికి, 2009లో అయిదింట ఒకటి అనీ, 2011లో మూడింట ఒకటి అనీ ప్రకటించుకుంది. భర్త వేరొకరికి రాసిన సందేశం దొరికిందని భార్య ఫిర్యాదులో రాస్తే, విడాకులకు కారణం ఆ భర్తా, సందేశం దొరికిన యాప్‌నా? ఫేస్‌బుక్ పుట్టిన అమెరికాలోనే వెయ్యి మంది జనాభాకు విడాకులు 2000లో 4.0 ఉండగా 2021 నాటికి 2.5కు తగ్గాయి. మన దేశంలో 2011 జనగణన ప్రకారం విడాకులు తీసుకున్నవారు సుమారు 13.6 లక్షలు, విడాకులు లేకుండానే విడిపోయి బతుకుతున్నవారు దానికి దాదాపు మూడు రెట్లు. జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. ఆ లక్షల కాపురాలను ఏ వాట్సాప్ కూల్చింది?

లెక్క తప్పయితే దిద్దుకోవచ్చు, సలహా అలాంటిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు దేశంలో 29 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవారు దేశం మొత్తం మీద 14 శాతం మాత్రమే, 77 శాతం మంది సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. ఆ కోరిన కొద్దిమందిలో ఎక్కువమంది వెళ్ళింది పోలీసుల దగ్గరకు కాదు, సొంత కుటుంబం దగ్గరకు. అంటే అమ్మకు చేసే ఆ ఫోన్ దగ్గరకే. ఆ సర్వేలోనే, తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతం. ఆ సగం మందిలోనూ కొత్త కోడళ్ళ చేతుల్లోంచి తీసేయమని ఈ సందేశం చెబుతోంది. హైదరాబాదులో 2014 నుంచి మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, వాట్సాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2016 నుంచి బాధిత స్త్రీలకు, పిల్లలకు అండగా భరోసా కేంద్రం ఉంది. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసిన ఇంట్లో 181 ఎవరు నొక్కుతారు?

కూతురి ఇంట్లో కూర దగ్గర నుంచి కొనుగోళ్ళ దాకా ఫోన్‌లో నడిపించే తల్లులు లేరని నేను అనను. ఉంటే ఆ మాట ఆ తల్లితో మాట్లాడి తేల్చుకోవాలి. అబ్బాయి తల్లి అదే ఇంట్లో ఉండి పగలంతా కొడుకు చెవిలో మాట్లాడితే మమకారం, అమ్మాయి తల్లి రాత్రి పది నిమిషాలు “తిన్నావా, నిద్ర పడుతోందా” అని అడిగితే జోక్యమా? అబ్బాయి ఫోన్ మొదటి ఏడాది ఎవరు దాచిపెడుతున్నారు? పుట్టి పెరిగిన ఇంటితో మాట తెంచడాన్ని బంధాలను కాపాడడం అని పిలిచే సందేశం బంధాల గురించి మాట్లాడడానికే తగదు. ఇల్లు ప్రశాంతంగా ఉందన్నారు ఆ పెద్దమనిషి. మాట్లాడడానికి ఎవరూ లేని అమ్మాయి ఇంకెలా ఉంటుంది?

అయ్యా, ఆ అమ్మాయి ఫోన్ ఈ రాత్రికే ఆమెకు ఇచ్చేయండి, తల్లితో మాట్లాడుతున్నప్పుడు ఆ గదిలో ఎవరూ నిలబడవద్దు. దండాలు పెట్టిన పన్నెండు మందీ, ఈ సందేశం మీరు ఎవరెవరికి పంపారో వారికి అయిదో అంశం అబద్ధమని మళ్ళీ రాయండి.