దొరకలేదన్నావు సరే, ఏది దొరకలేదు?

శ్రీయుత డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చున్నవాణ్ణి ఏడింటికి లేచాను కాబట్టి, కుశలం మీ ఒక్కరిదే అనుకోండి.

డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు నడిచేటప్పుడు పిలిచి వాడుకునే కోడ్ ఫైల్, అది ఎక్కకపోతే వచ్చే ఎర్రర్ తమరు. విండోస్‌లో పైథాన్‌కి ఇంపోర్ట్ కొట్టగానే తమరు సెలవిచ్చిన వాక్యం ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. "ది స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్." చెప్పిన మాడ్యూల్ దొరకలేదట. అయ్యా, ఆ పీవైడీ ఫైల్‌ని (పైథాన్‌లోకి ఇంపోర్ట్ చేసుకునే ఎక్స్‌టెన్షన్) కంపైల్ చేసింది నేనే, ఒక్క వార్నింగ్ కూడా రాలేదు. డిర్ కొడితే సైజుతో సహా ఎదురుగా కనిపిస్తోంది. మీ మెసేజ్‌లో ఉన్నదీ దాని పేరే. కళ్ళ ముందు ఉన్నదాని పేరు చెప్పి లేదు లేదని ఏడిస్తే నేనేం చేయాలి?

మొదటి గంట మిమ్మల్ని నమ్మాను, తప్పు నాదే. స్పెల్లింగ్ చూశాను, ఫోల్డర్ మార్చాను, పైథాన్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. 32 బిట్, 64 బిట్ గొడవేమో అని అటు కూడా వెళ్ళొచ్చాను. ఆ గొడవైతే వచ్చే ఎర్రర్ నంబరు 193 అని, మీది 126 అని తర్వాత గుర్తొచ్చింది. (64 బిట్ ఫైళ్ళుండే ఫోల్డర్‌కి సిస్టమ్32 అని, 32 బిట్ ఫైళ్ళుండే ఫోల్డర్‌కి సిస్‌వావ్64 అని పేర్లు పెట్టిన పుణ్యాత్ములకు వేరే ఉత్తరం రాస్తాను, ఇందులో చోటు చాలదు.)

లేనిది నా ఫైల్ కాదు, నా ఫైల్‌కి కావాల్సిన ఇంకేదో అని తట్టేసరికి మూడు దాటింది. కంపైల్ చేయడానికి నేను వాడింది మింగ్‌డబ్ల్యూ. ఆబ్జ్‌డంప్ అనే కమాండ్ కొట్టి పీవైడీ ఏయే డీఎల్ఎల్‌లు అడుగుతోందో చూస్తే లిబ్‌జీసీసీ ఒకటి, లిబ్‌ఎస్టీడీసీ++ ఒకటి కనిపించాయి. రెండూ తెచ్చి పీవైడీ పక్కనే పెట్టాను. హమ్మయ్య అనుకుని ఇంపోర్ట్ కొట్టాను. మళ్ళీ అదే వాక్యం, అక్షరం మారకుండా, చివరి చుక్కతో సహా.

ఇదే నాకు మింగుడు పడనిది. మూడు ఫైళ్ళు లేనప్పుడూ అదే మాట, రెండు తెచ్చిపెట్టాక ఒక్కటి లేనప్పుడూ అదే మాట. సగం దూరం వచ్చానో, అసలు దారే తప్పానో తెలిసేదెలా? దారే తప్పానేమో అనుకుని ఆ రెండూ తీసేసి గంటసేపు ఇంకెక్కడో తవ్వాను కూడా. మూడోది లిబ్‌విన్‌పీథ్రెడ్-1. దాన్ని అడిగేది నా పీవైడీ కాదు, లిబ్‌జీసీసీ. ఆబ్జ్‌డంప్ ఏ ఫైల్‌ని చూపిస్తే దానికి నేరుగా కావాల్సినవే చెబుతుంది, వాటికి కావాల్సినవి మళ్ళీ ఒక్కొక్కదాన్నీ విడిగా అడిగి తెలుసుకోవాలి.

పైగా ఈ మూడూ ఉన్న ఫోల్డర్ మొదటి నుంచీ పాత్‌లో, అంటే విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, ఉంది! అదే కోడ్‌ని ఎక్స్ఈగా, అంటే విడి ప్రోగ్రాంగా, కడితే చక్కగా నడిచింది. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి ఎక్స్‌టెన్షన్లకు కావాల్సిన డీఎల్ఎల్‌ల కోసం పాత్ చూడరట, ఓఎస్ మాడ్యూల్లో యాడ్ డీఎల్ఎల్ డైరెక్టరీ అనే ఫంక్షన్ పిలిచి ఫోల్డర్ చూపించాలట. సరే, ఏ చెత్త ఫోల్డర్‌లోంచో అదే పేరున్న ఇంకో డీఎల్ఎల్ వచ్చి కూర్చోకుండా ఉండటానికే కదా, ఒప్పుకుంటాను. దాని మీద నాకు కోపం లేదు.

కోపం ఎక్కడంటే, నీకు పేరు తెలుసు. అవును, ఇక మీరూ లేదు, తమరూ లేదు. అనుమానం వచ్చి విండోస్ డీబగ్గింగ్ సాధనం జీఫ్లాగ్స్‌లో లోడర్ స్నాప్స్ (డీఎల్ఎల్‌లు ఎక్కించే ప్రతి అడుగూ చూపించే సెట్టింగ్) ఆన్ చేసి, పైథాన్‌ని డీబగ్గర్ కింద నడిపి చూశాను. స్క్రీన్ నిండా గడగడా పరిగెత్తిన లైన్ల మధ్య ఒక లైన్లో రాసుంది, ఏ డీఎల్ఎల్ లోడ్ కాలేదో, దాన్ని అడిగిందెవరో కూడా. అంటే మధ్యాహ్నం నుంచీ ఆ పేరు నీ నోట్లోనే ఉంది! ఎక్స్ఈ మొదలవ్వకపోతే మాత్రం పెద్ద బాక్స్ తెరిచి, ఫలానా డీఎల్ఎల్ దొరకలేదు అని పేరు పెట్టి మరీ చెబుతావు. ఇంపోర్ట్ అనగానే నోరు పడిపోతుందా? ఒక్క పేరు. ఆరు గంటలు పోయింది ఆ ఒక్క పేరు కోసం.

చివరికి పట్టింది ఆ ఫోల్డర్ చూపించే ఒక్క లైను. దాని పైన కామెంట్‌లో ఆ మూడు ఫైళ్ళ పేర్లూ రాసి పెట్టాను. వచ్చే ఏడాదికి నేను మర్చిపోతాను, నువ్వెలాగూ చెప్పవు.

ఇట్లు,
స్పెసిఫై చేసిన పాపానికి నీకు దొరికినవాడు

తా.క.: లింక్ చేసేటప్పుడే స్టాటిక్ అనే ఫ్లాగ్ ఇచ్చి ఉంటే ఆ మూడూ పీవైడీలోనే కలిసిపోయేవట, ఈ ఉత్తరమే ఉండేది కాదట. ఇది రాస్తుండగా తెలిసింది.