ఆ ముప్పై పేజీలు దాటేయమన్నవారికి

కొన్ని వారాలుగా తిరుపతిలో నవలలు చదివేవారి ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఉగ్రవాదులతో తలపడే కమాండోల మీద ఒక మాజీ సైనికాధికారి ఇంగ్లీషులో రాసిన నవల ఈమధ్య తెలుగులోకి వచ్చింది. మెసేజ్ దాని గురించే. రాసినవాడు సైన్యంలో పనిచేశాడు కనుక అందులో ప్రతి అక్షరం నిజమట. ఆయుధాల వర్ణనే అందుకు రుజువట. నలుగురు కమాండోలు ఒక్క రాత్రిలో పని చక్కబెట్టుకుని రావడం మన దేశంలో జరుగుతున్నదేనట. పోలీసులూ కోర్టులూ అడ్డం పడకపోతే ఉగ్రవాదం ఏనాడో అంతరించేదట. మధ్యలో ఓ ముప్పై పేజీలు బోరు కొడతాయట, దాటేయాలట. ఇంత చెప్పినా నవల నచ్చనివారికి జవాను విలువ తెలియదట. ఆఖర్న ‘పది మందికి పంపండి’ ఎలాగూ ఉంటుంది.

నవల పేరు ఇక్కడ రాయను. నా తగవు నవలతో కాదు. అక్కడక్కడా విసిగించినా నన్ను చివరిదాకా చదివించింది. తగవంతా ఆ మెసేజ్‌తోనే.

ముందు ‘ప్రతి అక్షరం నిజం’ సంగతి చూద్దాం. సైన్యంలో పనిచేసినవాడు రాస్తే అంతా నిజమే అయి ఉంటుందనుకోవడం వినడానికి సబబుగానే ఉంటుంది. జరిగేది మాత్రం అందుకు వ్యతిరేకం. లోగుట్టు బయటపెట్టకూడదన్న కట్టుబాటు అందరికన్నా ఎక్కువగా ఉండేది లోపల పనిచేసినవాడికే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. సర్వీసులో ఉన్న సైనికుడు పైవారి అనుమతి లేకుండా సైనిక విషయాల మీద పుస్తకం అచ్చు వేయించలేడు. గూఢచార, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైన ఉద్యోగులు ఆ సంస్థల పని గురించి రాయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని 2021లో పింఛను నిబంధనలను సవరించారు. మాట తప్పితే పింఛనుకే ఎసరు. ఉగ్రవాదులతో తలపడే కేంద్ర కమాండో దళం ఎన్‌ఎస్‌జీ కూడా ఆ సంస్థల జాబితాలో ఉంది. అమెరికాలోనూ మాజీ సైనికుల రాతప్రతులు రక్షణ శాఖ పరిశీలనకు వెళ్ళి, అవసరమైన చోట కత్తెర పడ్డాకే బయటికి వస్తాయి.

అందుచేత తెలివైన మాజీ అధికారి ఊరు మారుస్తాడు, దారి మారుస్తాడు, మనుషుల సంఖ్య మారుస్తాడు, రేడియోలో మాట్లాడుకునే తీరు మారుస్తాడు. ఏది నిజమో పట్టుకోలేనంతగా మార్చగలిగితేనే అతను మంచి రచయిత, మంచి సైనికుడు కూడా. అనుభవం నవలలో లేదని నేను అనడం లేదు. ఉంది. మెసేజ్ వేలుపెట్టి చూపించిన చోట మాత్రం లేదు.

ఆయుధాల వర్ణన విషయం తొందరగానే తేలిపోతుంది. తుపాకీ బరువెంత, తూటా కొలత ఎంత అన్నవి తయారీదారుల కరపత్రాల్లోనే దొరుకుతాయి. వాటికి యుద్ధరంగం దాకా వెళ్ళనక్కర్లేదు. పోనీ ఉన్న వివరాలైనా సరిగ్గా ఉన్నాయా? నవలలో కథానాయకుడైన మేజర్ హోటల్ వరండాలో పిస్తోలుకు సైలెన్సర్ బిగించి ఒకరి తర్వాత ఒకరిని కాల్చేస్తాడు, పక్క గదిలో నిద్రపోతున్నవాడు కనీసం ఒత్తిగిలడు. పిస్తోలు పేలితే చప్పుడు సుమారు 160 డెసిబెల్స్ ఉంటుంది. సైలెన్సర్ తగ్గించేది 20 నుంచి 35 వరకు. మిగిలిన చప్పుడు కూడా రోడ్డు తవ్వే యంత్రాన్ని మించిందే. పక్క గదివాడి సంగతి అటుంచండి, కింది అంతస్తువాడు కూడా లేచి కూర్చుంటాడు. ఇది సినిమా నుంచి నవలలోకి వచ్చిన సైలెన్సర్. తప్పని నేను అనను, నవలకు ఆ స్వేచ్ఛ ఉంది. ‘ప్రతి అక్షరం నిజం’ అన్నవారే జవాబు చెప్పుకోవాలి.

అసలు విషయం ఆ ఒక్క రాత్రి.

2008 నవంబర్ 26న ముంబయిలో కాల్పులు మొదలైంది రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఢిల్లీ దగ్గరి మానేసర్‌లో ఉన్నారు, వారిని తీసుకెళ్ళగల పెద్ద విమానం చండీగఢ్‌లో ఉంది. దాన్ని ఢిల్లీకి రప్పించి, ముంబయిలో దిగి, బస్సులెక్కి, హోటళ్ళకు చేరేసరికి తెల్లవారింది. తాజ్‌లో ఆఖరి ఉగ్రవాది చనిపోయింది 29వ తేదీ పొద్దున. మొత్తం దాదాపు 60 గంటలు. అన్ని గదులున్న హోటల్లో ఏ తలుపు వెనక అతిథి ఉన్నాడో, ఏ తలుపు వెనక తుపాకీ ఉందో తెలియకుండా ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోవాలి. మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ తాజ్‌లో ఆ పనిలోనే ప్రాణాలిచ్చారు, హవల్దార్ గజేందర్ సింగ్ నారీమన్ హౌస్‌లో ప్రాణాలిచ్చారు. ఆ దాడి తర్వాతే ముంబయి, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతాల్లో ఎన్‌ఎస్‌జీ స్థావరాలు వెలిశాయి. ఒక్క రాత్రిలో తేలిపోయే పనే అయితే అంత ఆలోచన ఎందుకు?

ఇంకా వెనక్కి వెళితే 1988 మే, అమృత్‌సర్. నాలుగేళ్ళ ముందు అదే స్వర్ణదేవాలయంలోకి ట్యాంకులు వెళ్ళాయి, అందులోని సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ దెబ్బతింది, దాని పర్యవసానాలు దేశమంతా అనుభవించింది. రెండోసారి ఎవరూ తొందరపడలేదు. లోపల చేరిన ఉగ్రవాదులను చుట్టుముట్టారు, కరెంటూ నీళ్ళూ ఆపేశారు, ఎత్తైన చోట్ల గురిగాళ్ళను కూర్చోబెట్టారు, ఎదురుచూశారు. పది రోజులు తిరిగేలోపు దాదాపు 200 మంది చేతులెత్తి బయటికొచ్చారు. ఆపరేషన్ బ్లాక్ థండర్ విజయమంతా ఆ ఎదురుచూపులోనే ఉంది.

అంత దూరం ఎందుకు, మన పుత్తూరునే తీసుకోండి. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి పక్క రాష్ట్రాల జనం కూడా వచ్చే ఊరు. 2013 అక్టోబర్ 5న, అప్పుడది చిత్తూరు జిల్లాలో ఉండగా, హత్య కేసుల్లో తాము వెతుకుతున్నవారి కోసం తమిళనాడు పోలీసులు అక్కడ ఒక ఇంటిని చుట్టుముట్టారు. వారి ఇన్‌స్పెక్టర్ ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. లోపల నిందితులతో పాటు ఒక మహిళ, పిల్లలు ఉన్నారు. మన రాష్ట్రం 2007లో ఏర్పాటు చేసుకున్న ఉగ్రవాద నిరోధక కమాండో దళం ఆక్టోపస్ కూడా వచ్చింది. గంటల తరబడి ఊరంతా ఊపిరి బిగబట్టింది. చివరికి మహిళ, పిల్లలు క్షేమంగా బయటికొచ్చారు, నిందితులిద్దరూ ప్రాణాలతో దొరికారు. నవలలోని మేజర్ అయితే రెండో పేజీలోనే తలుపు బద్దలుకొట్టి ఉండేవాడు. పిల్లల సంగతి మూడో పేజీలో చూసుకునేవాడు.

ఇక్కడే మెసేజ్ దాటేయమన్న ముప్పై పేజీలు గుర్తుకొస్తాయి. ఆ అధ్యాయంలో ఏమీ జరగదు. ఒక ఇంటికి ఎదురుగా మేడ మీద నీళ్ళ ట్యాంకు చాటున నలుగురు బోర్లా పడుకుని ఉంటారు. ఎదుటి ఇంట్లో ఎవరో తడి బట్టలు ఆరేస్తారు. అందులో చిన్న పిల్లల చొక్కా ఉందా లేదా అని ఇద్దరు సైనికులు గుసగుసగా వాదించుకుంటారు, ఎందుకంటే ఆ చొక్కా ఉంటే పథకమంతా మార్చాలి. ఒకడికి తొడ తిమ్మిరెక్కుతుంది, కదలకూడదు. ఇంకొకడు సీసాలో పని కానిస్తాడు. రేడియోలో ప్రతి అరగంటకూ ఒకటే మాట: ఆగండి. మేజర్‌కు కోపం వస్తుంది, భయం వేస్తుంది, ఆ రెండింటినీ మింగుతాడు. సాయంత్రానికి బట్టలు తీసేస్తారు, చొక్కా సంగతి తేలనే తేలదు.

పుస్తకం మొత్తంలో అక్కడ పనిచేసినవాడు తప్ప ఇంకొకడు రాయలేని పేజీలు ఇవే. ‘అంతా నిజం’ అని ఊరంతా చాటేవారు నిజం కనబడిన ఒక్క చోటునే దాటేయమంటున్నారు! మా వీధిలో ఒక రిటైర్డ్ సుబేదారు గారున్నారు. పుస్తకం ఇస్తే చదివి తెచ్చి ఇచ్చారు. “తిమ్మిరి బాగా రాశాడు సార్, మిగతాది సినిమా” అన్నారు.

పోలీసులూ కోర్టులూ అడ్డమన్న మాటకు వద్దాం. నవలలో స్థానిక ఇన్‌స్పెక్టర్ బొజ్జ సవరించుకుంటూ తప్పుడు సమాచారం ఇవ్వడానికే పుట్టినట్టుంటాడు. ముంబయి మీద దాడి చేసిన పదిమంది ఉగ్రవాదుల్లో ప్రాణాలతో దొరికినవాడు కసబ్ ఒక్కడే. అతన్ని పట్టించింది స్థానిక పోలీసు. అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే చేతిలో లాఠీ తప్ప ఏమీ లేకుండా ఆ తుపాకీ గొట్టం పట్టుకుని, తూటాలన్నీ తన ఒంట్లోకి తీసుకున్నారు. ఆ తర్వాత పని కోర్టుది. 2010 మేలో శిక్ష, 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు, నవంబర్ 21న ఉరి. అతనికీ లాయరును ఇచ్చి, బహిరంగంగా నడిపిన ఆ విచారణ వల్లే దాడి ఎక్కడ మొదలైందో ప్రపంచం ముందు పెట్టగలిగాం.

మేజర్ చెంప పగలగొట్టగానే బందీ అడ్రసు చెప్పేసే దృశ్యానికి మెసేజ్ ప్రత్యేకంగా చప్పట్లు కొట్టింది. పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నుంచీ చట్టంలో ఉంది, కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. రాసింది బ్రిటిషువారు, వారికి మన మీద జాలి ఏమీ లేదు. దెబ్బ తిన్నవాడు నిజమే చెప్పాలని లేదు, దెబ్బ ఆగే మాట ఏదైనా చెబుతాడని వారికీ తెలుసు. నవలలో అడ్రసు సరైనదే అవుతుంది, రచయిత చేతిలో పని కదా.

ఉగ్రవాద నిరోధం తిరుపతివారికి కొత్త కాదు. 2003 అక్టోబర్ 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి కొండకు వెళుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్‌ను నక్సలైట్లు అలిపిరి దగ్గర క్లేమోర్ మందుపాతరలతో పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఇప్పుడు అదే అలిపిరిలో బస్సు దిగి, సంచీలు స్కానర్ మీద పెట్టి, ‘ఇంకా ఎంతసేపు’ అని విసుక్కుంటాం. అక్కడ తెర ముందు కూర్చున్న మనిషికి షిఫ్టంతా కనబడేవి ప్రసాదానికి తెచ్చుకున్న డబ్బాలు, దువ్వెనలు, ఎవరో దాచిన సిగరెట్ పెట్టె. అయినా ప్రతి సంచీ చూడాలి. నవలలోకి అతన్ని ఎవరూ రానివ్వరు.

ఇక నచ్చనివారికి జవాను విలువ తెలియదన్న మాట. మేజర్ భార్య ఈ నవలలో ఫోను మోగినప్పుడు తప్ప కనబడదు. కనబడిన ప్రతిసారీ ఏడుస్తుంది, ‘జాగ్రత్త’ అంటుంది, ఫోను పెట్టేస్తుంది. ఆమె ఉద్యోగం చేస్తుందా, పిల్లల ఫీజు ఎవరు కడతారు, టీవీలో కాల్పులు చూపిస్తుంటే ఏ గదిలో కూర్చుంటుంది, ఒక్కటీ తెలియదు. జవాను మీద అంత గౌరవం ఉన్న పుస్తకం ఆయన ఇంట్లోకి ఒక్కసారైనా తొంగిచూడాలి కదా. ఇలా అడిగినందుకు నాకు దేశభక్తి లేదంటే సరే, ఆ మాట మా సుబేదారు గారితో కూడా అనండి. ఆయన ఐదుకు మూడే వేశారు, ఆ మూడూ నీళ్ళ ట్యాంకు చాటున పడుకున్న వాళ్ళకేనట.