జవాబులన్నీ మీలోనే లేవు

నేనున్న గ్రూపులన్నిటిలోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ‘గొప్ప టీమ్ లీడర్ కావడానికి ఆరు సూత్రాలు’ అని మొదలై, ‘మీ మేనేజర్‌కి తప్పక పంపండి’ అని ముగుస్తుంది. పంపేవాళ్ళ ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అందులో రెండు సూత్రాలను ఎవరైనా లీడర్ నిజంగా పాటిస్తే ఆ మనిషి కింద పనిచేసేవాళ్ళ గతి ఏమిటని పంపేవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచిస్తున్నట్టు లేదు.

చూడనివాళ్ళ కోసం ఆ ఆరూ ఇవి. పొద్దున్నే అయిదింటికి లేచి అద్దంలో చూసుకుంటూ ‘నేను మంచి నాయకుణ్ణి’ అనుకోవాలి. ఇలా 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది. రోజూ 15 నిమిషాల ఆత్మపరిశీలనతో నాయకత్వ సామర్థ్యం 23 శాతం పెరుగుతుందని హార్వర్డ్ తేల్చింది. జవాబులన్నీ మీలోనే ఉన్నాయి, బయటి విమర్శ వట్టి గోల. ఎవరినైనా నొప్పించామనిపిస్తే శ్వాస మీద ధ్యాస పెట్టి ఆ బరువు దించేసుకోండి. మీరు మారితే టీమ్ దానంతటదే మారుతుంది.

అయిదింటికి లేవగలిగినవాళ్ళు లేవండి. మీ టీమ్‌కు దాంతో పనిలేదు.

ఇక 21 రోజుల మాట. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. చేతులు మారేకొద్దీ ఆ ‘కనీసం’ ఎగిరిపోయింది, ముఖం స్థానంలోకి అన్ని అలవాట్లూ వచ్చి చేరాయి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు కుదరడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, అలవాటును బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. ఇరవై రెండో రోజున డైరీ మూలన పడేసినవాళ్ళు తమను తాము తిట్టుకోనక్కర్లేదు.

హార్వర్డ్ లెక్కలో కొంత నిజముంది, దాన్నే మసిపూసి మారేడుకాయ చేశారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి 2014లో వచ్చిన ఒక పత్రంలోని సంగతి అది. విప్రోలో కొత్తగా చేరి శిక్షణలో ఉన్నవాళ్ళలో కొందరు రోజు చివరి 15 నిమిషాలు ఆరోజు నేర్చుకున్నది కాగితం మీద పెట్టారు. శిక్షణ చివర పరీక్షలో వాళ్ళకు, అలా రాయనివాళ్ళ కంటే దాదాపు 23 శాతం మెరుగైన ఫలితం వచ్చింది. వాళ్ళు ట్రైనీలు. రాసింది పని గురించి. కొలిచింది పరీక్ష. నాయకత్వం ఊసే అక్కడ లేదు. అయినా ఈ సూత్రంతో నాకు పెద్ద పేచీ లేదు. రోజు చివర కూర్చుని, జరిగింది జరిగినట్టు రాసుకోవడం మంచి పనే. ఏం రాస్తున్నారన్నదే ప్రశ్న. ‘ఈరోజు ఓపికగా ఉన్నాను’ అన్నది మీకు మీరిచ్చుకునే సర్టిఫికెట్. ‘అనుకున్న డేట్‌కి పని అవదని టీమ్‌లో ఒకమ్మాయి చెప్పబోతే మధ్యలో అడ్డుపడ్డాను, తర్వాత మీటింగ్ అయ్యేదాకా ఆ అమ్మాయి నోరు తెరవలేదు’ అన్నది జరిగిన సంగతి. రెండోదాన్ని రేపు ఎవరితోనైనా సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు నాలుగోది. నా అసలు కోపమంతా దీని మీదే.

జవాబులన్నీ మనలోనే ఉన్నాయట. మన గురించి మనకు అంత బాగా తెలుసా? నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన పత్రంలో ఒక ప్రయోగం ఉంది. అచ్చం ఒకేలాంటి నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమన్నారు. ఎడమ చివరదాని కంటే కుడి చివరదాన్ని దాదాపు నాలుగు రెట్ల మంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే ఒక్కరు కూడా అది పెట్టిన చోటు గురించి చెప్పలేదు. చోటు వల్లేమోనని అడిగినా దాదాపు అందరూ కాదన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు. మనసు అప్పటికప్పుడు ఒక కారణం అల్లి చేతిలో పెట్టింది, దాన్నే నమ్మారు. మేజోళ్ళ విషయంలోనే ఇలా ఉంటే, ‘అప్రైజల్‌లో అతనికి ఎందుకు తక్కువ రేటింగ్ ఇచ్చాను’ అని గది తలుపేసుకుని ఆలోచించే మేనేజర్‌కు ఎలాంటి కారణం తడుతుంది? తనకు నొప్పి కలగనిదే తడుతుంది.

ఒక మామూలు సోమవారం మీటింగ్ తీసుకోండి. టెస్టింగ్ చూసే అమ్మాయి, శుక్రవారానికి అవదండీ, ఇంకో నాలుగు రోజులు కావాలి అంటుంది. లీడర్ నవ్వుతూనే, ‘ఎలాగోలా చేసేద్దాం, పాజిటివ్‌గా ఉందాం’ అంటాడు. గొంతు పెంచడు, ఎవరినీ ఏమీ అనడు. రాత్రి డైరీలో ప్రశాంతంగా నడిపించానని రాసుకుంటాడు. ఆ మాట నిజమే కూడా. పై సోమవారం డేట్ గురించి ఎవరూ ఏమీ అనరు. ఆ మౌనం చూసి అతనికి ఇంకా ప్రశాంతంగా ఉంటుంది. అతనికి కావాల్సిన జవాబు అతనిలో ఎక్కడా లేదు, ఆ అమ్మాయి దగ్గరుంది. దాన్ని ‘గోల’ అని కొట్టిపారేయమంటోంది ఈ మెసేజ్!

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించింది. మంచి నాయకత్వం ఉన్నచోట పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అనుకుంది. లెక్కల్లో అక్కడే ఎక్కువ కనబడ్డాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, ఆ బృందాల్లో జరిగిన పొరపాటును భయం లేకుండా బయటపెడుతున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. అంటే ఫిర్యాదు వినబడని లీడర్‌కు నిశ్చింతగా ఉండే హక్కు లేదు. విమర్శను గోల అనుకోమని ఆ లీడర్‌కే చెప్పడం కంటే చెడ్డ సలహా నాకు తట్టడం లేదు.

ఇక్కడ ఈ మెసేజ్ రాసినవారి మాట ఒకటి ఒప్పుకోవాలి. అడిగితే నిజం చెప్పరు అన్నది వాళ్ళ అనుభవమైతే, అది సరైన అనుభవమే. జీతం పెంచే మనిషి వచ్చి ‘నేనెలా ఉన్నాను, ఓపెన్‌గా చెప్పండి’ అంటే ఎవరు చెబుతారు? సూపర్ సార్ అంటారు. అందుకే ఫీడ్‌బ్యాక్ అడగడం చాలాచోట్ల తంతుగా మిగిలింది. ఐతే దానికి విరుగుడు తలుపు మూసుకోవడం కాదు, అడిగే తీరు మార్చుకోవడం. ‘నేనెలా ఉన్నాను’ అనకుండా, ‘పోయిన రిలీజ్‌లో నా వల్ల ఎక్కడ ఆలస్యమైంది’ అనండి. మీటింగ్‌లో మీ అభిప్రాయం అందరికంటే చివర చెప్పండి. ఒకరు చెడ్డ వార్త మోసుకొస్తే మీ మొదటి మాట ఏమిటో గమనించుకోండి. మిగతావాళ్ళందరూ దాన్నే గమనిస్తున్నారు.

అయిదో సూత్రం నాలుగోదానికి తమ్ముడు. కోపంలో జవాబు టైప్ చేసే ముందు నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదలండి అని ఉంటే నేనూ దండం పెట్టేవాణ్ణి. ఇందులో ఉన్నది అది కాదు. నొప్పించాక ఆ బరువు దించేసుకోమంటోంది. సరిగ్గా దీని మీదే హాఫెన్‌బ్రాక్ బృందం 2022లో పరిశోధన ప్రచురించింది. తాము ఎవరికో చేసిన తప్పు గుర్తుచేసుకున్నవాళ్ళు శ్వాస మీద ధ్యాస పెడితే అపరాధ భావం తగ్గింది, దాంతోపాటు ఆ తప్పు దిద్దుకోవాలన్న పట్టుదలా తగ్గింది. ఎదుటివారి మేలు తలుచుకునే ధ్యానం చేసినవాళ్ళు మాత్రం సరిదిద్దడానికి ఎక్కువ మొగ్గారు. పదిమందిలో ఒకరిని అవమానించి, గదిలోకెళ్ళి కళ్ళు మూసుకుని తేలికపడి వస్తే, అవమానపడిన మనిషికి ఒరిగిందేమిటి? ఆ బరువు ఉండాల్సిందే. వెళ్ళి, ‘అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది, క్షమించండి’ అని చెప్పేదాకా ఉండాలి. పదిమందిలో అన్న మాటకు క్షమాపణ కూడా ఆ పదిమందిలోనే.

చివరిది, మీరు మారితే టీమ్ మారుతుందన్నది. కొంత మారుతుంది. కానీ అయిదుగురి పని ముగ్గురి మీద పడుతుంటే, సెలవు పెట్టినవాళ్ళకు కూడా ఫోన్లు వెళుతుంటే, అది లీడర్ మనసులో ఉన్న లోపం కాదు. ఆ ముగ్గురూ ఎన్ని గంటలు పనిచేస్తున్నారో, ఏ పని ఎందుకు ఆగిందో రాసుకుని పై అధికారి ముందు కూర్చోవాలి. ఇంకో ఇద్దరినైనా ఇవ్వమనాలి, లేదా డేట్లైనా జరపమనాలి. ఆ మాట అడగగలిగే స్థానంలో టీమ్ మొత్తానికి ఉన్నది లీడర్ ఒక్కరే.